ఐసులో ఉప్పు వేయరాదు

మా ల్యాబులో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంటుంది. రక్తం గొట్టాలు వికారాబాదుకు పంపేటప్పుడు పాటించాల్సిన నియమాలవి. గొట్టానికి వెండి కాగితం చుట్టాలి. నిలువుగా పెట్టాలి. గంట దాటకూడదు. నాలుగోది, ఐసులో ఉప్పు వేయరాదు.

మొన్న పరిగి నుంచి బదిలీ మీద వచ్చిన టెక్నీషియన్ ఆ కాగితం చదువుతూ నాలుగో దగ్గర ఆగిపోయింది.

"ఇదేందన్నా, ఐసుల ఉప్పు ఎవరేస్తరు? పెరుగన్నమా ఏంది?"

"ఉండనియ్యమ్మా."

"కాయితం పసుపుపచ్చగైంది. కొత్తది కొట్టిద్దాం. గా నాలుగోది తీసేద్దాం. చూసినోళ్లు నవ్వుతరు."

"నవ్వనియ్యి," అన్నాను. ఎందుకో చెప్పమంటుందేమోనని చాయ్ తాగొస్తానని బయటపడ్డాను. యాభై ఏడేళ్ల మనిషిని, ఒక కాగితం ముక్క నుంచి తప్పించుకుని చాయ్ బండి దాకా వెళ్లాను. చాయ్ చల్లారిపోయింది. నాకు మేడం గుర్తొచ్చింది.

ఊరి పేరు దాచను, తాండూరు. దవాఖాన పేరు మాత్రం చెప్పను. ఇంకా అక్కడే జీతం తింటున్నాను. మేడం వికారాబాదులో ఒక చిన్న గదిలో పరిశోధన చేసేది. సెప్సిస్ మీద. అంటే ఎక్కడో పుట్టిన చీము విషం రక్తంలోకి పాకి, ఒళ్లంతా మంట పుట్టించే జబ్బు. అట్లాంటి రోగులు మా దవాఖాన అత్యవసర విభాగానికి వచ్చినప్పుడల్లా ఆమె తాండూరు వచ్చి వాళ్ల రక్తం తీసుకునేది. ఆ గొట్టాలను ఐసు డబ్బాలో పెట్టి వికారాబాదు గదిలో అప్పజెప్పి రావడం నా పని. నేను ల్యాబు అటెండర్ని. రక్తాన్ని చల్లగా గిరగిరా తిప్పి తేట వేరుచేసే యంత్రం వికారాబాదులోనే ఉండేది.

ఆమె మనిషి పొట్టి. నూలు చీర కట్టి, కాళ్లకు పరుగుపందెం బూట్లు వేసేది. రెండు చేతులకూ రెండు వాచీలు. ఎడమ చేతిది లోకం టైము. కుడి చేతిది రక్తం టైము. సూది బయటికి తీయగానే కుడి వాచీ ముల్లు పన్నెండు మీదికి తిప్పేది. ఒంటిగంట అయ్యేలోపు గొట్టం యంత్రంలో పడాలి. పొద్దున తొమ్మిదింటికి నన్ను రైలెక్కించడానికి వచ్చి ప్లాట్‌ఫారం మీద నిలబడి, "అన్నా, పన్నెండున్నరైంది, ఇంక బండి రాలేదు," అని గట్టిగా అనేది. పక్కనున్న ముసలాయన ఒకాయన అది విని, తన బండి వెళ్లిపోయిందనుకుని సంచీ ఎత్తుకుని ఇంటిదారి పట్టాడు. ఆయన వెనకాల పరుగెత్తి తీసుకొచ్చింది ఈమే. బూట్లు అందుకే అనుకున్నాను.

ఆమెకు ఊతపదం ఒకటుండేది. ఎప్పటిసంది? ఎప్పటి నుంచి అని. రోగి బంధువులతో మొదటి మాట అదే. "జ్వరం ఎప్పటిసంది? చలి ఎప్పటిసంది? మాట తడబడుడు ఎప్పటిసంది?" ఈ జబ్బులో గంటలే లెక్క అనేది. అది ఎంత అలవాటైపోయిందంటే, మా నర్సు సిగ్గుపడుతూ తన పెళ్లి పత్రిక ఇస్తే కూడా కళ్లద్దాలు సర్దుకుని, "ఎప్పటిసంది?" అని అడిగింది. నర్సు మూడేళ్లని ఒప్పుకుంది. అప్పటిదాకా మా ఎవరికీ తెలియదు.

ఇంకొకటి వంకాయ. ఆమె చేతిసంచీలో ఎప్పుడూ ఒక వంకాయ, చిన్న చాకు ఉండేవి. రోగి రక్తం తీసుకోవాలంటే ఇంటివాళ్ల అనుమతి కావాలి కదా. మామూలు డాక్టర్లు కాగితం ముందు పెట్టి సంతకం చేయమంటారు. ఈమె వరండాలో వాళ్ల పక్కన కింద కూర్చుని వంకాయ రెండు ముక్కలు కోసి అరచేతిలో పెట్టుకునేది. పెట్టుకుని మాటలు మొదలుపెట్టేది. మాటలు అయిపోయేసరికి ముక్కలు నల్లబడేవి.

"చూసినవా అమ్మా? గాలి తాకింది, నల్లగైంది. మనం పీల్చే గాలే. దాంతోనే బతుకుతం, జబ్బు ముదిరితే అదే లోపల గిట్ల నల్లగ చేస్తది. మీ ఆయనకు ఎంత నల్లగైందో చూడనీకె నాలుగు చెంచాల రక్తం కావాలె."

ఆడవాళ్లు వెంటనే అనేవాళ్లు, "మేమైతే ఉప్పు నీళ్లల్ల ఏస్తం డాక్టరమ్మా."

దాంతో ఆమె ముఖం వెలిగిపోయేది. "గంతే. మనిషికి గా ఉప్పు నీళ్లేందో దొరకవట్టాలెననే నా తిరుగుడంత."

ఆ వంకాయ వృథా పోయేది కాదు. సాయంత్రం ఇంటికి తీసుకెళ్లి కూర చేసుకునేది. నేను ఆ వంకాయ ముచ్చట వంద సార్లు విన్నాను. అందరికన్నా ఎక్కువ సార్లు విన్నది నేనే. అదే కొంపముంచింది.

ఆ ఎండాకాలం ఒకరోజు ఐసు ఫ్యాక్టరీకి కరెంటు పోయింది. డబ్బాలో ఉన్నది సగం నీళ్లు, సగం ఐసు. గొట్టాల్లో ఉన్నది పెద్దేముల్ ఊరి నుంచి వచ్చిన ఒక అవ్వ రక్తం. అవ్వ వాళ్లది గొర్ల మంద. పొట్టేలు కుమ్మి పిక్క మీద గాయమైతే పసరు కట్టుకుని తిరిగింది. ఎప్పటిసంది అని మేడం అడగగానే, ఒంట్లో జ్వరం కాలిపోతున్నా, "అమాస నాడు పొట్టేలు కుమ్మింది. రెండో నాడు కాలు బరువెక్కింది. మూడో నాడు మాపటికి చలి వెట్టింది. నాలుగో నాడు నీ ముందలున్న," అని లెక్క అప్పజెప్పింది. మేడం అది రాసుకుంటూ మురిసిపోయింది. "అన్నా, గిట్ల చెప్పేటోళ్లు డాక్టర్లల్ల కూడ లేరు. ఈ రక్తం నాకు బంగారం," అంది.

ఆ బంగారాన్ని పట్టుకుని నేను స్టేషన్ ముందర కుల్ఫీ బండాయన దగ్గరికి వెళ్లి ఐసు అడిగాను. ఆయన ఇచ్చాడు. ఇచ్చి, "చారెడు దొడ్డుప్పు కొట్టుకో. ఎముకలు కొరికే చలైతది. మేం కుల్ఫీ గట్లనే గట్టిపరుస్తం," అన్నాడు.

ఉప్పు అనగానే నాకు వంకాయ తట్టింది. నల్లబడకుండా ఉప్పు, చల్లబడడానికి ఉప్పు, రెండూ ఒకటే దెబ్బకు కుదిరాయి. ఆ క్షణాన నేనూ పరిశోధకుణ్ణే అనిపించింది. పిడికెడు ఉప్పు చల్లి, మూత పెట్టి, మీసం దువ్వుకుంటూ రైలెక్కాను. మేడానికి ఇప్పుడే చెప్పకూడదు, నాలుగు సార్లు చేసి, బాగా కుదిరాక చెప్పి ఆశ్చర్యపరచాలి అనుకున్నాను.

ఆశ్చర్యపోయింది. యంత్రంలో తిప్పాక రక్తం మీద తేరే నీరు కందిపప్పు మీది తేటలాగా లేత పసుపుగా ఉండాలి. అది ఆమె కొలత. మా తాండూరులో కందిపప్పు తేట తెలియనివాళ్లు ఎవరు? అవ్వ గొట్టంలో మాత్రం ఎర్రగా, మందారపువ్వు పిండినట్టు వచ్చింది. రక్తకణాలు పగిలిపోయాయన్నమాట.

మేడం ఫోన్ చేసింది. "అన్నా, గొట్టాలేమన్న కింద పడ్డయా?"

"లేదు మేడం."

"ఐసు మంచిగున్నదా?"

"మస్తు చల్లగుండె మేడం," అన్నాను గర్వంగా. ఉప్పు గురించి ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ తర్వాత ఇంకో నాలుగు సార్లు అదే పని చేశాను. నాలుగు సార్లూ ఎరుపే వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తం ఆమె వికారాబాదులోనే తీసేది, దానికి నా డబ్బా ప్రయాణం లేదు, అది ఎప్పుడూ పసుపే. ఇక ఆమె బుర్ర పరుగెత్తింది. గొట్టాల కంపెనీని అనుమానించింది. రైలు కుదుపుల్ని అనుమానించింది. సూది సన్నమా, లావా అని చూసింది. అన్నిటినీ అనుమానించింది, నన్ను తప్ప. చివరికి, ఇది జబ్బే చేస్తున్న పని, ఎండ దెబ్బ, చీము విషం రెండూ కలిస్తే రక్తకణాలు పగిలిపోతున్నాయి, ఇది ఇంతవరకూ ఎవరూ పట్టుకోని సంగతి అని తేల్చుకుంది.

కుదుపుల సంగతి చూద్దామని ఒకరోజు నాతోపాటు రైలెక్కింది. డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా కూర్చున్న తాత, "రెండు కుల్ఫీలియ్యి బిడ్డా," అన్నాడు. ఆమె మూత తీసి చూపించి, "ఇయ్యి తినేటియి కావు తాతా," అంది. తాత ఆ తర్వాత కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె పక్కన ఉంది కాబట్టి ఆ రోజు నేను ఉప్పు వేయలేదు. మొహమాటం.

వికారాబాదులో యంత్రం ఆగింది. గొట్టం బయటికి తీసింది. కందిపప్పు తేట.

ఉప్పు లేని రోజే పసుపు వచ్చింది. ఏం జరిగిందో నాకు అర్థమైంది. మేడం మాత్రం గొట్టం వెలుతురుకు పట్టి చూసి, "ఈయనకు జబ్బు అంత ముదరలేదన్నట్టు," అని రాసుకుంది.

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఇవాళ రేపు అంటూ వాయిదా వేశాను. ఉప్పు మానేశాను. మానేసిన వారానికే వానలు పడ్డాయి, గొట్టాలన్నీ పసుపుగా వచ్చాయి. మేడం సంబరానికి అంతు లేదు. "చూసినవా అన్నా? ఎండ పోయింది, ఎరుపు పోయింది. నేను చెప్పలే?" అని దవాఖానలో అందరికీ బాలూషాయీలు పంచింది. నాకు రెండు పెట్టింది. అవి పొట్లం కట్టి జేబులో వేసుకున్నాను. పైగా, "నేను రాసే కాయితం చివర నీ పేరు రాస్త. ఐసు మోసిన చేతులు కదా," అంది. ఆ రాత్రి నుంచి నాకు అన్నం సయించలేదు. మా ఇంటావిడ వంకాయలు కోసి ఉప్పు నీళ్లలో వేస్తుంటే వంటింట్లోకి వెళ్లడమే మానేశాను.

రెండు నెలలు గడిచాయి. హైదరాబాదులో పెద్ద డాక్టర్ల ముందు ఆ సంగతి చదివే రోజు వచ్చింది. ముందురోజు మేడం తాండూరు వచ్చింది, తిరుగు రైలులో నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. అది ఆమె అలవాటు. ఏది చదవాలన్నా ముందు నాకు చదివి వినిపించేది. "నీకు సమజైతే లోకానికి సమజైతది," అనేది. ఎండ, విషం, పగిలిన కణాలు, అన్నీ చెప్పింది. పెద్దేముల్ అవ్వ లెక్క చెప్పింది. ఎంత బాగా చెప్పిందంటే నేనే నమ్మబోయాను.

"ఏమన్నా డౌటున్నదా అన్నా?" అని అడిగింది చివర్లో.

"ఉప్పు మేడం," అన్నాను.

"ఏం ఉప్పు?"

"ఐసుల ఏసిన. దొడ్డుప్పు. నల్లగ గావొద్దని."

ఆమె నా వైపు తిరిగింది. కోప్పడుతుందనుకున్నాను. ఏడుస్తుందేమోనని అంతకన్నా భయపడ్డాను. ఆమె కళ్లద్దాలు సర్దుకుంది.

"ఎప్పటిసంది?" అంది.

చెప్పాను. అవ్వ రోజు నుంచి, రైల్లో నా పక్కన కూర్చున్న రోజు దాకా. ఏ రోజు వేశాను, ఏ రోజు వేయలేదు, పిడికెడా, చారెడా, అన్నీ. ఆమె వెనక పేజీలో రాసుకుంటూ పోయింది. రాయడం అయ్యాక పుస్తకం మూసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మూడేళ్ల కష్టంలో అన్నిటికన్నా మెరిసే ముక్క అది. అది నా పిడికిట్లో ఉప్పు. నా ఉద్యోగం పోతే పోనీ, ఈమె మళ్లీ నాతో మాట్లాడితే చాలు అనుకున్నాను.

ధారూర్ స్టేషన్ దాటాక ఆమె భుజాలు కదిలాయి. నవ్వుతోంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

"వంకాయ నేనే కోసిన గదన్నా. వంద సార్లు కోసి చూపిచ్చిన. ఉప్పు నీళ్లని నేనే అన్న. నువ్వు తప్ప ఒక్కడన్న నా మాట చేసి చూపిచ్చిండా?" కళ్లు తుడుచుకుంది. తర్వాత నవ్వు ఆపి నెమ్మదిగా అంది. "కని అన్నా, ఒకటి. తప్పు చేసిన నాడే చెప్పినవనుకో, అది తప్పే. రెండు నెలలు దాసినవనుకో, అది సైన్సయి కూసుంటది."

వికారాబాదులో దిగగానే తిన్నగా ల్యాబుకు తీసుకెళ్లింది. తన చేతి నుంచే రెండు గొట్టాలు రక్తం తీయించుకుంది. కుడి వాచీ పన్నెండుకు తిప్పింది. ఒక గొట్టం ఉత్త ఐసులో పెట్టించింది. రెండోదానికి, "ఎంతేసినవో అంతే ఎయ్యి, నీ చెయ్యితోనే," అంది. వేశాను. ముప్పావుగంట సేపు ఇద్దరం మెట్ల మీద కూర్చుని జామకాయలు తిన్నాం. దానికీ ఉప్పు అద్దుకుంది, నా వైపు చూసుకుంటూ.

యంత్రం ఆగింది. ఒకటి కందిపప్పు తేట. ఒకటి మందారం. ఉప్పు కలిసిన ఐసు చలికి గొట్టంలో రక్తం కుల్ఫీలాగా బిగుసుకుని కణాలు పగిలాయన్నమాట. తన సిద్ధాంతం కూలిపోయిందని రుజువైనందుకు చప్పట్లు కొట్టిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. అక్కడే నిలబడి హైదరాబాదుకు ఫోన్ చేసింది. "సార్, రేపు నేను చదువుత లేను. తప్పైంది. నా డబ్బాల ఉప్పు వడ్డది. నేను చూసుకోలే." నా పేరు ఎత్తలేదు. అవతలి ఆయన చాలాసేపు అరిచాడు. ఈమె ఫోను చెవికి దూరంగా పట్టుకుని రెండో చేత్తో జామకాయ తింది. ఆ సాయంత్రమే నియమాల కాగితం రాసింది. మూడు నియమాలు అంతకుముందే ఉన్నాయి. నాలుగోది కలిపింది.

అంతటితో అయిపోతే నేను ఇంత గుర్తుపెట్టుకునేవాణ్ణి కాదేమో. మరుసటి వారం షేర్ ఆటోలో నన్ను పెద్దేముల్ తీసుకెళ్లింది. ఎందుకంటే, "అడిగి తీసుకున్న రక్తం. పారేసినమని చెప్పాలె గద," అంది.

అవ్వ బాగా కోలుకుంది. వాకిట్లో గొర్లకు తుమ్మ కాయలు వేస్తోంది. మేడం కింద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. "అవ్వా, నువ్వు దినాలన్నీ లెక్కవెట్టి చెప్పినవ్. నీ రక్తం మా చేతుల ఖరాబైంది. పనికి రాలేదు."

అవ్వ మేడం ముఖం చూసింది, నా ముఖం చూసింది. మోసినవాడెవడో ఆమెకు తెలిసిపోయిందనుకుంటా.

"ఖరాబైతే ఖరాబైంది తియ్యి. ఇప్పుడేంది బిడ్డా, మళ్ల పొట్టేలుతోని కుమ్మిచ్చుకోమంటవా?"

మేడం పగలబడి నవ్వింది. "వద్దవ్వా. బాగైనంక రక్తం ఎట్లుంటదో చూడనీకె నాలుగు చెంచాలియ్యి చాలు."

"తీస్కో. ఈసారన్న మంచిగ మొయ్యమని చెప్పు," అంది అవ్వ నన్ను చూస్తూ.

మేడం రక్తం తీసి, వెండి కాగితం చుట్టి, డబ్బాలో నిలువుగా పెట్టింది. అప్పుడే మా దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. ఎవరికో ప్రాణం మీదికి వచ్చింది, ఆమె తాండూరు పోవాలి. డబ్బా నా ముందు పెట్టింది.

నేను ముట్టుకోలేదు. "మేడం, నేను వద్దు. ఇంకెవరినన్న పంపున్రి."

"ఎందుకు?"

"నన్నెట్ల నమ్ముతరు?"

ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. "అన్నా, ఐసుల ఉప్పేస్తే ఏమైతదో ఈ జిల్లాల నీకంటె బాగ ఎరుకైనోడు ఎవడున్నడు?" అంది. కుడి చేతి వాచీ విప్పి నా మణికట్టుకు కట్టింది. పన్నెండు దాటి అయిదు నిమిషాలు. "ఒంటిగంటలోపల," అని ఆటో ఎక్కి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

నేను వికారాబాదు బస్సెక్కి డబ్బా ఒళ్లో పెట్టుకున్నాను. దారి పొడుగునా ఏడ్చాను. పక్కావిడ, డబ్బాలో ఏముందని అడిగింది. అవ్వ రక్తం అన్నాను. ఆవిడ లేచి వేరే సీటుకు వెళ్లింది. యంత్రం ఆగాక చూశాను. అంత స్వచ్ఛమైన కందిపప్పు తేట నేను మళ్లీ చూడలేదు.

మేడం ఇప్పుడు దూరంగా ఒక పెద్ద దవాఖానలో ఉంది. ఆ ఉప్పు నీళ్ల కోసం ఇంకా వెతుకుతూనే ఉందట. ఆమె రాసిన పరిశోధన కాగితం ఎర్ర గొట్టాల సంగతి లేకుండానే అచ్చయింది. చివర నా పేరు ఉంది. వాచీ నా దగ్గరే ఉండిపోయింది. ఆమె అడగలేదు, నేనూ ఇవ్వలేదు.

చాయ్ బండి నుంచి వెనక్కి వచ్చేసరికి టెక్నీషియన్ ఇంకా ఫ్రిజ్ ముందే నిలబడి ఉంది. నేను మూత పడిన నోరు తెరిచాను.

"ఉప్పు నేనే ఏసిన," అన్నాను. ఇన్నేళ్లలో మేడానికి కాక ఇంకొకరికి చెప్పడం అదే మొదటిసారి. ఎందుకు వేశానో, ఎంత వేశానో, రెండు నెలలు ఎట్లా దాచానో మొత్తం చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఆ కాగితం అంచు గోటితో గీకుతూ నిలబడింది. తల ఎత్తకుండానే అంది.

"అన్నా, ఇయ్యాల పొద్దున రెండు గొట్టాల మీద పేర్లు నేను తారుమారు రాసిన్నేమో. పక్కా తెల్వదు. రోగులింక వార్డులనే ఉన్నరు. చెప్పాల్నా వద్దా అని చూస్తున్న."

నాకు కోపం రాలేదు. మణికట్టు మీది వాచీ సర్దుకుని స్టూలు ఆమె ముందుకు జరిపాను.

"కూసో బిడ్డా," అన్నాను. "ఎప్పటిసంది?"